నలభై రెండు బిరడాలు

షెడ్డులో బస్సు ఇంజను గుర్రుగుర్రుమంటోంది. ఒక చెవిలో వేలు దూర్చుకుని, రెండో చెవికి ఫోను అదుముకుని బిరడా మేస్త్రి విన్నది ఇదీ:

"మీ చెల్లెలిగారి మట్టిలో బ్యాటరీలున్నాయండీ. కోట్లలో ఉన్నాయి. అన్నీ బతికే ఉన్నాయి."

"కోట్లలోనా?" అన్నాడు మేస్త్రి. "మా డిపోలో పోయినవి నాలుగేనండీ."

"నాలుగు కాదండీ, నాలుగైదు రకాలున్నాయి. ఇన్నాళ్లూ మీ డీజిల్ తాగే బతుకుతున్నాయి. మనం గాలి ఎక్కించి కాస్త తిండి పెడితే చాలు, మిగతా పని అవే చూసుకుంటాయి. రేపు పొద్దున తోట దగ్గరికి రండి."

ఫోను పెట్టేశాక మేస్త్రి బుర్ర గోక్కున్నాడు. ముప్పై నాలుగేళ్ల సర్వీసులో నీళ్లు తాగే బ్యాటరీలను చూశాడు, ప్రాణం తోడే బ్యాటరీలను చూశాడు. డీజిల్ తాగే బ్యాటరీని మాత్రం చూడలేదు. అయినా ఫోను చేసింది అల్లాటప్పా మనిషి కాదు. మట్టి పరీక్షలు చేసే ల్యాబు నుంచి వచ్చిన శాస్త్రవేత్త, అందరూ మట్టి డాక్టరమ్మ అని పిలుచుకునే ఆవిడ. ఆవిడ ఉన్నాయందంటే ఉన్నట్టే.

తిన్నగా స్టోర్ కీపరు దగ్గరికి వెళ్లాడు. స్టోర్ కీపరుకు ఆర్నెల్లుగా ఒకటే బెంగ: నాలుగు కొత్త బస్సు బ్యాటరీలు స్టోరులోంచి మాయమయ్యాయి. పైవాళ్లు అడిగినప్పుడల్లా ఆయన మొహంలో చార్జింగ్ పడిపోయేది.

"దొరికాయి" అన్నాడు మేస్త్రి. "మా చెల్లెలి తోటలో పాతిపెట్టారట. ఇంకా బోలెడున్నాయట."

"ఎవరు పాతారు?"

"అది చెప్పలేదు. రేపు తవ్వుతాం."

సాయంత్రం టీ వేళకు డిపో మొత్తానికీ తెలిసిపోయింది.

మేస్త్రికి ఆ పేరు ఊరికే రాలేదు. ఎక్కడ ఏది కారినా, ఏది బుస్సుమన్నా ఆయన చెయ్యి పడితే చాలు, బిరడా బిగించినట్టు ఆగిపోతుంది. రేడియేటరు, టైరు, బ్రేకు పైపు, ఆఫీసు గదిలో కుళాయి, ఏదైనా సరే. ఒకసారి సబ్బు నురగ రాసి, ఎక్కడ బుడగ లేస్తే అక్కడ వేలు పెట్టి, "దొరికావులే" అనేవాడు. ఆయన వేసిన అతుకు ఊడిందని చెప్పిన మనిషి డిపోలో లేడు.

అటువంటి మనిషి పరువుకే చిల్లు పడింది. అదీ అడుగున.

డిపో గోడకు అవతల మేస్త్రి చెల్లెలి మొక్కల తోట ఉంది. పూల మొక్కలు, నిమ్మ అంట్లు, కుండీల్లో నీడ మొక్కలు పెంచి అమ్ముతుంది. కిందటేడు గోడ పక్క వరసలో ఆకులు పండుబారి రాలడం మొదలెట్టాయి. వాన పడితే డీజిల్ వాసన. "అన్నయ్యా, మీ ట్యాంకు కారుతోందేమో చూడు" అని ఆవిడ అంటే, "నా ట్యాంకా? చుక్క కారదు. అది నీ ఎరువు కంపు" అని ఈయన కొట్టిపారేశాడు. అన్నయ్య మాట కదా అని ఆవిడ కొన్నాళ్లు నమ్మింది. చివరికి భూమిలో పాతిన ఆ ట్యాంకును పైకి తీస్తే అడుగున తుప్పు పట్టి చిటికెన వేలంత కంత. పైన బిరడా, కింద కంత.

ఆ రోజు నుంచి చెల్లెలు అన్నగారితో మాట్లాడడం మానేసింది. మానేసిందంటే మౌనం పట్టిందని కాదు. ఆవిడకు మౌనం పడదు. ఎవరో ఒకరిని మధ్యలో నిలబెట్టి మాట్లాడుతుంది, అంతే.

అసలు భయం వేరే. కాలుష్యం ఆఫీసు వాళ్లు వచ్చి కొలిచారు. కిలో మట్టిలో పన్నెండు గ్రాముల డీజిల్ తేలింది. ఐదు నెలల్లో అది ఒక గ్రాముకన్నా కిందికి దిగాలి. దిగకపోతే మట్టంతా లారీలకెత్తించి, ఆ గొయ్యిని కాంక్రీటుతో నింపేస్తాం, తోట ఖాళీ చెయ్యాలి అని కాగితం ఇచ్చి వెళ్లారు. చెల్లెలికి ఉన్నది ఆ తోట ఒక్కటే.

మర్నాడు పొద్దున్నే మేస్త్రి గునపం, రబ్బరు గ్లోవులు, బ్యాటరీ చార్జి చూసే మీటరు పట్టుకుని తోటలో దిగాడు. డాక్టరమ్మ ఆ సరంజామా చూసి ఆగిపోయింది.

"మీటరెందుకండీ?"

"బతికున్నాయన్నారుగా. ఏది ఎంత బతికుందో చూద్దామని."

ఆవిడకు విషయం అర్థం కావడానికి రెండు నిమిషాలు పట్టింది, నవ్వు ఆపుకోవడానికి ఐదు. "బ్యాటరీ కాదండీ, బాక్టీరియా. సూక్ష్మజీవులు. కంటికి కనపడవు."

కుండీల వెనక నుంచి చెల్లెలి గొంతు వినిపించింది. "డాక్టరమ్మా, కంటికి కనపడేంత కంతనే చూడలేని మనిషికి అవి చూపించకండి. పాపం, కళ్లు నొప్పెడతాయి."

"డాక్టరమ్మా, ఆ కంత భూమి లోపల ఉందని చెప్పండి."

"డాక్టరమ్మా, మా నిమ్మచెట్ల వేళ్లు కూడా భూమి లోపలే ఉన్నాయని చెప్పండి. వాటికి తెలిసింది."

డాక్టరమ్మ ఇద్దరి మధ్యా తల తిప్పలేక, మట్టి కేసి తిప్పింది. గుప్పెడు మట్టి తీసి అరచేతిలో పెట్టుకుని చెప్పసాగింది. ఆవిడ చెప్పిన తీరులో పిల్లల తెలివి గురించి చెప్పుకునే తల్లి మురిపెం ఉంది.

"వీటిని మనం ఎక్కణ్ణుంచీ తేలేదండీ. ఈ మట్టిలో ఎప్పటినుంచో ఉన్నవే. డీజిల్ వచ్చి పడ్డాక మిగతావన్నీ చచ్చాయో పారిపోయాయో గాని, ఇవి మాత్రం రుచి చూసి, పరవాలేదే అనుకుని ఉండిపోయాయి. డీజిల్ అంటే ఏంటనుకున్నారు? సైకిలు చైను లాంటిది. పొడుగ్గా లింకుకు లింకు తగిలించి ఉంటుంది. ఇవి కొస పట్టుకుని రెండేసి లింకులు విప్పుతూ పోతాయి."

మేస్త్రి చెవులు నిక్కాయి. "స్పానర్లు?"

"వాటి ఒంట్లోనే ఉంటాయి. సబ్బు కూడా వాటి ఒంట్లోనే. నూనె ముద్ద పెద్దదైతే నోట పట్టదు కదా, సబ్బులాంటిది ఒకటి చేసి చిన్న చిన్న చుక్కలుగా విడగొట్టుకుని మరీ తింటాయి."

"సబ్బు నురగా?" అన్నాడు మేస్త్రి. ముప్పై నాలుగేళ్లుగా తాను ఒక్కడే వాడుతున్నాననుకున్న విద్య అది. "తిన్నాక ఏం మిగులుతుంది?"

"నీళ్లు, మనం బయటికి వదిలే ఊపిరిలో ఉండే గాలి. అంతే."

"తుక్కు కూడా ఉండదా?"

"నూనెలో మొండి సరుకు కొంచెం ఉంటుంది. మెలికలు తిరిగినవీ, చక్రాల్లా చుట్టుకున్నవీ. వాటిని ఆఖర్న, తీరిగ్గా పట్టుకుంటాయి."

మేస్త్రి ఆ గుప్పెడు మట్టిని చాలాసేపు చూశాడు. షెడ్డు లేదు, పనిముట్ల పెట్టె లేదు, ఓవర్‌టైము లేదు, టీ బ్రేకు అసలే లేదు. ఆయన మనసులో ఆ క్షణాన వాటికి మేస్త్రిగిరీ ఇచ్చేశాడు.

పని మొదలైంది. గోడ పక్క మట్టిని నడుమెత్తు లోతు తవ్వి, ఇరవై అడుగుల పొడవున, ఛాతీ ఎత్తున కుప్ప పోశారు. నూనె ఒక్కటే తింటే కండ పట్టదు, నత్రజని, భాస్వరం కూడా కావాలని డాక్టరమ్మ అంటే, చెల్లెలు పాకలోంచి యూరియా, సూపర్ ఫాస్ఫేటు మూటలు తెచ్చి కలిపింది. "ఈ మాట నన్నడిగినా చెప్పేదాన్ని. మొక్కలకీ అదేగా. ప్రాణమున్న ప్రతిదానికీ తిండి యావ ఒకటే" అంది. నీళ్లు చల్లారు. పిడికిట్లో పట్టి పిసికితే ముద్ద నిలవాలి, చెయ్యి మాత్రం తడవకూడదు, అదీ లెక్క. అడుగున గాలి గొట్టాలు పరిచి బ్లోయరు తగిలించారు. పైన నల్ల పట్టా కప్పి, పట్టాలోంచి కుప్పలోకి నలభై రెండు సన్నటి గొట్టాలు నిలువుగా దించారు. వాన పడకుండా వాటి తలలు చేతికర్ర పిడిలా కిందికి వంచి ఉన్నాయి.

"ఇక మట్టికి గాలి ఎక్కించడమే" అంది డాక్టరమ్మ.

ఆ మాట గుర్తుంచుకోండి. మేస్త్రి గుర్తుంచుకున్నాడు. అదే కొంప ముంచింది.

మొదటి నెల పన్నెండు గ్రాములు ఎనిమిదయ్యాయి. రెండో నెల ఎనిమిది నాలుగయ్యాయి. డ్యూటీ దిగగానే మేస్త్రి రోజూ తోటలోకి వచ్చి పట్టా కింద చెయ్యి పెట్టి చూసేవాడు. కుప్ప లోపల గోరువెచ్చగా ఉండేది, ఒళ్లొంచి పనిచేసేవాడి వీపులాగా. మట్టి వాసన కూడా మారింది. మొదట పెట్రోలు బంకు. తర్వాత ఆరబెట్టిన షెడ్డు గుడ్డ. ఇప్పుడు ఎక్కడో అడుగున, సన్నగా, తడిసిన నేల.

"కనపడకుండా పని చేస్తున్నాయి. మనవాళ్లైతే కనపడుతూ పని చెయ్యరు" అనేవాడు డిపోలో. డిపోలో వాళ్లు ఒకరి మొహాలు ఒకరు చూసుకునేవారు. ఎందుకంటే పొరపాటుగా విన్నాననే మాట మేస్త్రి ఎవరికీ చెప్పలేదు. ట్యాంకు పోయిన పరువు చాలదన్నట్టు, చెవుడు పేరు కూడా ఎందుకని ఊరుకున్నాడు. స్టోర్ కీపరు రోజూ స్టూలెక్కి గోడ మీద నుంచి నల్ల పట్టా వైపు చూసి, "బయటపడ్డాయా?" అని అడిగేవాడు.

"పనిలో ఉన్నాయి" అనేవాడు మేస్త్రి. అబద్ధం కాదు కదా.

మూడో నెల మొదట్లో ఒక మధ్యాహ్నం చెల్లెలు కుండీలు బండికెత్తించుకుని ఏదో ఆఫీసుకు ఇచ్చి రావడానికి వెళ్లింది. మేస్త్రి ఒక్కడే కుప్ప పక్కన నిలబడ్డాడు. ఒక గొట్టం తల కింద యథాలాపంగా చెయ్యి పెట్టాడు. చల్లగా తగిలింది.

గాలి. బయటికి.

పరుగున వెళ్లి సబ్బు నురగ తెచ్చి రెండో గొట్టానికి రాశాడు. బుడగ. మూడోదానికి. బుడగ. నలభై రెండింటికీ నలభై రెండు బుడగలు. పట్టా అంచుల్లో కూడా బుసబుస. బ్లోయరు రాత్రనక పగలనక కింద నుంచి ఎక్కిస్తోంది, పైనుంచి అంతా పోతోంది. ఎక్కించిన గాలి నిలవని టైరును ఏ మేస్త్రి రోడ్డెక్కిస్తాడు? డాక్టరమ్మ చదువుకున్న మనిషే, కాదనలేదు. కానీ టైరు పట్టిన చెయ్యి కాదు కదా.

అప్పుడే ఆయనకు ఇంకొక ఆలోచన కూడా వచ్చింది. చెల్లెలికి ఏడాదిగా బాకీపడ్డ మంచిపని ఒకటి చేసే వేళ ఇదే. చెప్పి చెయ్యకూడదు. చేసి ఊరుకోవాలి. ఏదో ఒకరోజు తనకే తెలుస్తుంది.

ఇంజను కింద వేసే పాత రబ్బరు దిమ్మెలు తెచ్చాడు. చాకుతో నలభై రెండు బిరడాలు చెక్కాడు. ఒక్కొక్కటి పంక్చరు సొల్యూషను పూసి గొట్టం నోట్లోకి కింద నుంచి దూర్చి, బొటనవేలితో నొక్కాడు. బయటికి పిసరంత కనపడకుండా. పట్టా అంచుల పొడవునా ఇసక మూటలు పేర్చాడు. మళ్లీ నురగ రాశాడు. ఒక్క బుడగ లేవలేదు. పట్టా కాస్త ఉబ్బింది. దాన్ని టైరు తట్టినట్టు తట్టి, ఈల వేసుకుంటూ వెళ్లిపోయాడు.

చెల్లెలి నోట్లో మట్టి కొట్టిన అన్నలుంటారు. మట్టి నోట్లోనే గుడ్డ కుక్కిన అన్న ఈయన ఒక్కడే.

మూడో నెలాఖరున డాక్టరమ్మ వచ్చింది. నమూనా ఫలితం కాగితం చేతిలో ఉంది. మొహంలో నవ్వు లేదు.

"నాలుగు" అంది.

"పోయిన నెలా నాలుగేగా" అంది చెల్లెలు.

"అదే." ఆవిడ పొడుగాటి ఉక్కు చువ్వలాంటి కొలిచే గొట్టాన్ని పట్టాలోంచి కుప్పలోకి గుచ్చింది. దాని చివరి పెట్టెలో అంకె చూసి, నమ్మలేక ఇంకొక చోట గుచ్చింది. "లోపల ఆక్సిజనే లేదు. వందకి ఇరవై వంతులు ఉండాల్సింది రెండు కూడా లేదు. బ్లోయరు తిరుగుతోంది, మరి గాలి ఏమైనట్టు? మట్టి గట్టిపడి ఉండాలి. కుప్ప విప్పి మళ్లీ పొయ్యాలంటే ఉన్న టైమంతా దానికే సరిపోతుంది. పైగా మిగిలింది మొండి సరుకు." కాగితం మడుస్తూ అంది. "ఆఫీసుకి ఏం చెప్పాలో నాకు తెలియట్లేదండీ."

చెల్లెలు వెటకారం ఏదీ ఆడలేదు. కుండీల వరసలకేసి చూస్తూ, "ఆ నిమ్మ అంట్లు ఎవరికైనా ఇచ్చెయ్యాలి. పెద్ద గులాబీ మొదళ్లు కదిలిస్తే బతకవు. వాటిని ఇక..." అని ఆగిపోయింది. ఏడాదిలో అన్నయ్య వినేలా ఆవిడ ఎవరినీ మధ్యలో పెట్టకుండా పలికిన మొదటి మాట అదే. అది మొక్కలతో.

మేస్త్రి గొట్టాలకేసి చూశాడు. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. మట్టి గట్టిపడిందని డాక్టరమ్మే అంటోంది. మట్టికి నోరు లేదు, ఉన్న నలభై రెండు నోళ్లూ తనే మూశాడు. ఇంకొక్కటి, తన నోరు, మూసుకుంటే సరిపోతుంది.

"డాక్టరమ్మా" అన్నాడు. "గాలి ఎక్కడికీ పోలేదండీ. లోపలే ఉంది. నేనే పోనివ్వలేదు."

ఒంగి, మొదటి గొట్టం నోట్లో వేలు పెట్టి చూపించాడు. ఒకటి చూపించాక మిగతావి చూపించక తప్పలేదు.

"డాక్టరమ్మా" అంది చెల్లెలు. "ఆ పెద్దమనిషిని ఇంకోసారి చెప్పమనండి. నాకు సరిగ్గా వినపడినట్టు లేదు."

"సరిగ్గానే వినపడిందని చెప్పండి" అన్నాడు మేస్త్రి తల వంచుకుని. "గాలి ఎక్కించాలన్నారు. ఎక్కించింది నిలవాలి కదా అనుకున్నాను. టైరులాగా."

డాక్టరమ్మ కోప్పడుతుందనుకున్నాడు. ఆవిడ అక్కడే బోర్లించిన కుండీ మీద కూర్చుండిపోయింది. "తప్పు నాదే. ఎక్కించడం అనకూడదు. టైరుకి కావలసింది గాలి. వీటికి కావలసింది ఊపిరి. పీల్చాలి, వదలాలి. మీరు నిలవబెట్టిన గాలిలో ఉన్న ఆక్సిజనంతా వారంలోపే అయిపోయి ఉంటుంది. అవి వదిలిన గాలి వాటికే మిగిలింది."

"అయితే చచ్చాయా?"

"అంత తేలిగ్గా చచ్చేవైతే డీజిల్లో బతుకుతాయా? పని ఆపి పడుకున్నాయి. మళ్లీ గాలాడితే లేస్తాయి. ఎప్పుడు లేస్తాయన్నదే సంగతి. రెండు నెలలే ఉంది."

మేస్త్రి చొక్కా చేతులు మడిచాడు. ఇన్నేళ్లలో ఆయన అతుకు ఊడదన్న పేరుంది చూశారూ, ఆ పేరును మొదటిసారి ఆయనే తిట్టుకున్నాడు. పట్టుకారుతో పట్టి లాగితే రబ్బరు సాగుతుందే గాని రాదు. గొట్టానికి పావుగంట పట్టింది. పదో గొట్టం నోరు తెరుచుకునేసరికి అరచెయ్యి బొబ్బలెక్కింది. చెల్లెలు మాట్లాడకుండా పాత గుడ్డపీలికలు తెచ్చి పక్కన పెట్టి వెళ్లింది.

ఇరవయ్యో గొట్టం దగ్గర ఆయన చెయ్యి ఆగింది. బ్లోయరు దగ్గరి గొట్టాల్లోంచి గాలి జోరుగా కొడుతోంది. దూరం పోయేకొద్దీ తగ్గిపోతోంది. అప్పుడే తెరిచిన గొట్టం కింద తడిచెయ్యి పెట్టాడు. ఏమీ తగల్లేదు.

"డాక్టరమ్మా, మీ కోట్ల మందిలో సగం మందికి మొదటి నుంచీ సరిగ్గా ఊపిరి ఆడలేదు" అన్నాడు. "ముందు వరసలో కూర్చున్నవాళ్లే మొత్తం పీల్చేస్తున్నారు. గాలికి తేలిక దారి దొరికితే దూరం ఎందుకు పోతుంది?"

"ఏం చేద్దామంటారు?"

మేస్త్రి మిగతా బిరడాలు కూడా లాగి, అన్నీ దోసిట్లో పోసుకున్నాడు. డిపోకి వెళ్లి డ్రిల్లు ముందు కూర్చున్నాడు. బతుకంతా బెజ్జాలు పూడ్చిన మనిషి తన బిరడాలకే బెజ్జాలు పెట్టడం మొదలుపెట్టాడు. బ్లోయరు దగ్గర పెట్టే వాటికి పుల్లంత సన్నవి. తర్వాత్తర్వాత పెన్సిలంత. ఆఖరి వరసకు వేలంత. మర్నాడు అవే గొట్టాల్లో మళ్లీ బిగించి, ఒక్కొక్కదాని కింద సబ్బు నురగ పట్టి చూశాడు. బుడగలు లేచాయి, మొదటి నుంచి చివరి దాకా ఒకే సైజువి. బుడగను చూసి ఆయన సంతోషించడం అదే మొదలు.

డాక్టరమ్మ చువ్వ గుచ్చి చూసింది. మొదట్లో పదిహేడు, మధ్యలో పదిహేడు, కొసన పదహారు. "దీన్ని నేను ఎక్కడా చదవలేదండీ" అంది.

"చదివేది కాదులెండి" అన్నాడు మేస్త్రి. ఎంత తప్పు చేసినా ఆ మాత్రం గాలి మిగలకపోతే మనిషెలా బతుకుతాడు.

నాలుగు రోజులు కుప్ప చల్లగానే ఉంది. ఐదో రోజు సాయంత్రం పట్టా కింద చెయ్యి పెట్టి, మేస్త్రి తీయలేదు. అలాగే నిలబడిపోయాడు. గోరువెచ్చన. అవి ఎవరి తప్పో అని అడగలేదు, ఎవరినీ సాధించలేదు, లేచి ఎక్కడ ఆపాయో అక్కడినుంచి పని అందుకున్నాయి.

"డాక్టరమ్మ లేదు" అంది చెల్లెలు వెనక నుంచి, ఎవరికీ కానట్టు. "లేకపోతే వెచ్చగా ఉందా అని అడిగించేదాన్ని."

"ఉంటే ఉందని చెప్పించేవాణ్ణి" అన్నాడు మేస్త్రి, కుప్పతో.

నాలుగో నెల రెండు గ్రాములు. ఐదో నెల కాలుష్యం ఆఫీసు వాళ్లే వచ్చి, నాలుగు మూలలా నమూనాలు తీసుకుని వెళ్లారు. ఫలితం వచ్చేలోగా చెల్లెలు ఆ మట్టితో ఒక కుండీ నింపి ఆవాలు చల్లింది. ఆఫీసు అంకె ఆఫీసుది, తన లెక్క తనది. ఆరో రోజుకి కుండీ నిండా పచ్చటి రెండాకులు లేచాయి. ఏడో రోజు కాగితం వచ్చింది. ముప్పావు గ్రాము. తోట ఉంటుంది.

ఇక కుప్పను తిరిగి గొయ్యిలో పొయ్యాలి. కూలీల కోసం చూస్తున్న వేళకు గోడ పక్క గేటు తెరుచుకుని డిపో డిపో అంతా పారలతో దిగింది. ముందు స్టోర్ కీపరు. "పట్టా తీస్తున్నారటగా" అన్నాడు.

మేస్త్రి నోరు తెరిచేలోగా పారలు ఆడాయి. అంత శ్రద్ధగా, అంత మెత్తగా మట్టి తియ్యడం ఆ తోట ఎన్నడూ చూడలేదు. ప్రతి పారనూ జల్లించినట్టు చూసి మరీ గొయ్యిలో పోశారు. మధ్యాహ్నానికి కుప్ప లేదు. గొయ్యి నిండి చదునైంది. అడుగున గాలి గొట్టాలు మాత్రం మిగిలాయి.

"ఏవీ?" అన్నాడు స్టోర్ కీపరు.

అందరూ మేస్త్రి వైపు తిరిగారు. మేస్త్రి డాక్టరమ్మ వైపు తిరిగాడు. డాక్టరమ్మ నవ్వాపుకోవడానికి ఆకాశం వైపు తిరిగింది.

అప్పుడు చెల్లెలు మట్టిచేతులు చీరకు తుడుచుకుంటూ ముందుకొచ్చింది. మధ్యలో ఎవరినీ నిలబెట్టలేదు.

"అన్నయ్యా" అంది. "నలభై రెండు నోళ్లు తెరిపించావు. నీది కూడా తెరిచి వీళ్లకి చెప్పు."

ఏడాది తర్వాత ఆ పిలుపు. మేస్త్రి బోర్లించిన కుండీ ఎక్కి, ఆ రోజు ఇంజను గోల, ఫోను, తను విన్నది, ఆవిడ అన్నది, అన్నీ చెప్పాడు. బ్యాటరీలు కావనీ బాక్టీరియా అనీ, ఆ మాట ఇన్నాళ్లు దాచింది పరువు కోసమనీ చెప్పాడు. టైరు సంగతి కూడా దాచలేదు. నవ్వులు గోడ దాటి షెడ్డు దాకా పోయాయి. స్టోర్ కీపరు ఒక్కడే నవ్వలేదు.

"అయితే ఇక్కడ ఏమీ లేదన్నమాట" అన్నాడు పార ఆనుకుని.

మేస్త్రి దిగి, గొయ్యి మీద నుంచి గుప్పెడు మట్టి తీసి ఆయన దోసిట్లో పోశాడు. "వాసన చూడండి."

స్టోర్ కీపరు అనుమానంగా ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఇంకోసారి పెట్టుకున్నాడు. "డీజిల్ వాసన లేదే. వాన పడ్డట్టుంది."

"కోట్లలో ఉన్నాయి" అన్నాడు మేస్త్రి. "ఆ రోజు ఆ ఒక్క ముక్క మాత్రం నేను సరిగ్గానే విన్నాను."